ముందు చూపు, ఆ తర్వాతే పేరు

పల్నాడు మనిషికి పక్షిని చూడటం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పుంజును చంకలో పెట్టుకుని వచ్చే ఏ పెద్దాయన్నయినా ఆపి అడగండి. ఎర్రటిదైతే డేగ, నల్లటిదైతే కాకి, తెల్లటిదైతే సేతు, నలుపూ ఎరుపూ పసుపూ కలిసి ఉంటే కౌజు అని చెప్పేస్తాడు. మెడ ఈక ఒక రంగు, రెక్క ఈక ఇంకో రంగు అయితే పేరు ఎలా మారుతుందో కూడా చెబుతాడు. కోడిపందేలు చట్టరీత్యా నేరం, ఆ సంగతి అలా ఉంచండి. బ్రహ్మనాయుడికీ నాయకురాలు నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపోరు చివరికి కారంపూడి యుద్ధం దాకా తీసుకెళ్లిందన్న కథ మాచర్లలో పిల్లలకు కూడా తెలుసు. ఈక రంగుల్లో ఇంత తేడా పట్టగల ఆ మనిషే నాగార్జునసాగర్ గట్టున నిలబడితే, నీళ్ల ఒడ్డున వాలినవాటన్నిటినీ కలిపి ‘కొంగలు’ అనేసి ఊరుకుంటాడు. ఆయన కంటికి వచ్చిన లోపమేమీ లేదు. పుంజు విషయంలో చూడక తప్పదు, కొంగ విషయంలో చూడకపోయినా నడుస్తుంది. అంతే తేడా.

మన జీవితంలో చాలా భాగం ఇలా ‘చూడకపోయినా నడిచే’ బాపతులోనే గడిచిపోతుంది. ఎదుటి మనిషిని పూర్తిగా చూడకముందే వాడెలాంటివాడో తేల్చేస్తాం. “నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు” అంటాం. కంటితో చూసింది మాత్రం, అతను అటు తిరగడం ఒక్కటే. మిగతాదంతా మనం చేర్చింది. ఇళ్లలో, ఆఫీసుల్లో జరిగే గొడవల్లో సగానికి సగం ఈ చేర్చినదాని మీదే నడుస్తాయని నా అభిప్రాయం. చూసినదానికీ అనుకున్నదానికీ మధ్య గీత గీయడం ఒక నైపుణ్యం. అది ఉపన్యాసాలు వింటే రాదు, సాధన చేయాలి. ఆ సాధనకు పది మందితో కలిసి పక్షుల్ని చూడటానికి వెళ్లడం కంటే తేలికైన, ఖర్చు లేని మార్గం నాకు తెలిసినంతలో లేదు. పక్షికి మన హోదాతో పని లేదు. హెడ్మాస్టరు చెప్పినా ఆరో తరగతి పిల్ల చెప్పినా ముక్కు నల్లగా ఉంటే నల్లగానే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి? మాచర్ల వాళ్లకు ఈ ప్రశ్నే అవసరం లేదు. 30 కిలోమీటర్ల లోపే నాగార్జునసాగర్ ఉంది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీళ్లు వదిలిన ఆ ఆనకట్ట మన పొలాలకు నీళ్లిచ్చింది, పక్షులకేమో మైళ్ల పొడవున ఒడ్డునిచ్చింది. మనిషి కట్టిన జలాశయమే అయినా వాటికి ఆ తేడా పట్టదు. విజయపురి సౌత్, అనుపు వైపు ఒడ్డునే ఉన్న అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. సాగర్ రోడ్డు మీదే ఎత్తిపోతల ఉంది. మన ఊళ్లోంచి పారే చంద్రవంకే అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, కాస్త దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. వసంతంలో ధార సన్నబడుతుంది గానీ, లోయలో నీడ ఉంటుంది కాబట్టి లకుముకి పిట్టలకూ పసిరిక పిట్టలకూ లోటుండదు.

రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పేస్తాను. అడవిలో అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, ‘మనూరే కదా’ అని గేటు దాటకూడదు. ఇక సాగర్‌లో, ఎత్తిపోతల మడుగులో మొసళ్లున్నాయి. ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపక కేంద్రమే ఉంది. ఫొటో కోసం నీళ్లలోకి దిగే ఉత్సాహవంతుణ్ణి గుంపు మొత్తం కలిసి ఆపాలి.

ఇక వేళ. మన పక్కనే రెంటచింతల ఉంది. ఎండాకాలంలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అని పేపర్లో వెతికితే తరచూ కనబడే పేరు అదే. ఉగాది దగ్గర పడుతున్న రోజుల్లో పొద్దున తొమ్మిది దాటితే మనుషులే కాదు, పిట్టలు కూడా నీడకు చేరతాయి. అందుకని తెల్లవారకముందే మాచర్లలో బయల్దేరాలి. వెలుగు రేఖ పడేసరికి ఒడ్డున ఉండాలి, ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. “టిఫిన్ చేసి బయల్దేరదాం” అనే బ్యాచ్‌తో ఈ పని కాదు. ఇడ్లీ పొట్లాలు కట్టించుకుని వెళ్లండి, తిరుగు దారిలో తినొచ్చు.

బట్టలు మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఏదైనా సరే. పండగ చొక్కా వద్దు. బైనాక్యులర్ కొనేట్టయితే దాని మీద 8×42 అని ఉన్నది చూడండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు అని దాని అర్థం. ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని ఊరించేవి చేతిలో వణికి బొమ్మను చెరిపేస్తాయి. పది మందికి రెండు ఉన్నా చాలు. చేతులు మారుతుంటే ఓపిక కూడా అలవడుతుంది.

అసలు పాఠం ఒడ్డున మొదలవుతుంది. మొదటి రోజు అరుదైన పక్షుల వెంట పడొద్దు. తెల్లకొంగల్ని పట్టుకోండి. తెల్లకొంగ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం నాలుగు రకాలున్నాయి. చిన్నదాని ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. అది బురదలోంచి కాలెత్తితే పసుపు రాసిన పాదంలా కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్దదాని మెడ చాలా పొడుగు, మధ్యలో విరిగినట్టు వంపు తిరిగి ఉంటుంది. నోటి చీలిక గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. ఈ రెంటికీ మధ్య సైజుదానికి ఆ గీత కంటి కిందే ఆగిపోతుంది. గేదెల వెంట తిరిగేది నాలుగోది, పొట్టి మెడ, పొట్టి పసుపు ముక్కు.

ఇంతవరకూ ఎవరైనా బట్టీ పట్టొచ్చు. వసంతం వచ్చి ఆ బట్టీని తారుమారు చేస్తుంది. జతకట్టే కాలం వచ్చేసరికి గేదెల కొంగ తల, మెడ, వీపు మీద నారింజ రంగు దిగుతుంది. జనవరిలో తెల్లగా చూసినవాడు ఏప్రిల్‌లో దాన్ని కొత్త పక్షి అనుకుంటాడు. పెద్దకొంగ పసుపు ముక్కు ఈ కాలంలో నల్లబడుతుంది. అప్పుడు ‘నల్లముక్కు అంటే చిన్నకొంగ’ అని కంఠతా పెట్టినవాడు దొరికిపోతాడు. కాలువ గట్టున మట్టిలో కలిసిపోయి కూర్చునే గుడ్డికొంగ వీపు ముదురు మెరూన్ రంగుకు తిరుగుతుంది. ఒక్క గుర్తు మీద ఆధారపడితే వసంతం మోసం చేస్తుంది. సైజు, మెడ, నోటి గీత, నడక, ఎవరి వెంట తిరుగుతోంది, ఇవన్నీ కలిపి చూసినవాడికి రంగు మారినా పక్షి దొరుకుతుంది. ఏడాది కిందట ఒక మనిషి మీద ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ఇప్పటికీ మార్చుకోనివాళ్లు ఈ పేరా మళ్లీ ఒకసారి చదవచ్చు.

అందుకే గుంపుకు నేను పెట్టే మొదటి నియమం ఇది: పక్షి కనబడగానే పేరు చెప్పకూడదు. ముందు చూసింది చెప్పాలి. “నల్లముక్కు, మెడలో వంపు, కాళ్లు నలుపు, ఒక్కటే నిలబడి ఉంది” అని. కనీసం నాలుగు విషయాలు చెప్పాకే పేరు. ఎక్కడుందో చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. “అదిగో, అదిగో!” అని వేలు చూపిస్తే ఎవరికీ ఏమీ కనబడదు, పైగా చెయ్యెత్తితే పిట్ట ఎగిరిపోతుంది. “ఎండిపోయిన తుమ్మచెట్టు, ఎడమ కొమ్మ, కొస నుంచి జానెడు లోపలికి” అంటే అందరి కళ్లూ ఒకే చోట వాలతాయి. మన మనసులో ఉన్నది ఎదుటివాడికి కూడా కనబడేలా చెప్పడం మాటకారితనంలో చాలా పెద్ద భాగం. మైకు ముందు కంటే ఇక్కడ త్వరగా పట్టుబడుతుంది.

రెండో నియమం గుంపులో కొత్తవాళ్ల కోసం, అసలు అవసరం పాతవాళ్లకు. ముందుగా మాట్లాడే అవకాశం అందరికంటే చిన్నవాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వాలి. అనుభవం ఉన్న పెద్దమనిషి చివర మాట్లాడాలి. ఎందుకో చెబుతాను. 1951లో సాలమన్ యాష్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దాని పొడవుకు సరిపోయేది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లాడు కూడా తప్పకుండా చెప్పగలిగేంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్లందరూ ఆయన మనుషులే, కావాలని ఒకే తప్పు సమాధానం చెప్పారు. పరీక్షకు కూర్చున్నవాళ్లు సుమారు మూడోవంతు సందర్భాల్లో తమ కళ్లను కాదని గుంపు చెప్పిన తప్పునే చెప్పారు. ఒక్కడు, ఒకే ఒక్కడు గుంపుకు ఎదురుగా నిజం చెబితే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

పక్షుల గుంపులో ఇది ప్రతి పావుగంటకూ జరుగుతుంది. ఎత్తున గద్దలాంటిదేదో తిరుగుతుంటుంది. గొంతు పెద్దదున్న ఒకాయన “గరుడపక్షి!” అంటాడు. ఆ తర్వాత తొమ్మిది మందికీ తెల్లటి తల, ఇటుకరంగు రెక్కలు కనబడి తీరతాయి. అది మామూలు నల్లగద్దే కావచ్చు, తోక చివర చీలి ఉందేమో ఎవరూ చూడరు. “బాబాయ్, తోక చీలినట్టుంది కదా?” అని ఓ కుర్రాడు అడిగితే గుంపు అతణ్ణి చూసే చూపులోనే ఆ గుంపు ఎలాంటిదో తెలిసిపోతుంది. ఆ ప్రశ్నను నవ్వి కొట్టేసే గుంపుతో మీరు రెండోసారి వెళ్లకండి. “అవునా, ఏదీ మళ్లీ చూద్దాం” అనే పెద్దాయన ఉన్న గుంపును వదులుకోకండి.

వసంతంలో సాగర్ నీటిమట్టం తగ్గే కొద్దీ రాతి దిబ్బలు, ఇసుక మేటలు బయటపడతాయి. రివర్ టెర్న్ అనే సన్నటి, పసుపు ముక్కు పక్షి ఇలాంటి దిబ్బల మీదే, గూడంటూ లేకుండా గుడ్లు పెడుతుంది. మన తీతువు కూడా అంతే. గులకరాళ్ల మధ్య చిన్న పల్లంలో మూడో నాలుగో మచ్చల గుడ్లు. కాలు పక్కనే ఉన్నా కనబడవు. ఈ ఎండలో నేల మీద గుడ్లు ఉడికిపోవా అని అడగాలి మీరు. తీతువు నీళ్ల దగ్గరికి వెళ్లి, పొట్ట కింది ఈకల్ని తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడి ఆరితే మళ్లీ వెళ్తుంది. పల్నాడు ఎండకు పల్నాడు పిట్ట కనిపెట్టుకున్న ఉపాయం ఇది. దీన్ని దూరంగా కూర్చుని ఒక గంట చూడండి. ముప్పై రకాల పక్షుల పేర్లు రాసుకోవడం కంటే ఆ గంటే విలువైనదంటాను, ఎవరైనా కాదంటే వాదిస్తాను.

తీతువు కూత అపశకునమని మనవాళ్లు భయపడతారు. అది తల మీద తిరుగుతూ అరుస్తోందంటే మనం దాని గుడ్ల దగ్గరికో పిల్లల దగ్గరికో వచ్చామని అర్థం. ఆ క్షణంలో దానికి మనమే అపశకునం. చెయ్యాల్సిన పని ఒక్కటే: ఆగి, కాళ్ల ముందు నేల చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి నడవడం. ఇంకాస్త దగ్గరికెళ్లి ఒక్క ఫొటో తీసుకుందామన్న కోరిక గుంపులో ఎవరికో ఒకరికి కలుగుతుంది. తల్లి లేచిన ప్రతి నిమిషం ఆ గుడ్లు ఎండలో ఉంటాయని అతనికి చెప్పండి. ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిట్టల్ని పిలిచే అలవాటు కూడా ఈ కాలంలో అసలు పనికిరాదు. తన హద్దులోకి ఎవరో వచ్చారని మగపిట్ట మేత మానేసి వెతుక్కుంటుంది.

యాప్‌ల గురించి అడుగుతారని తెలుసు. మెర్లిన్ అనే యాప్ కూత విని పక్షి పేరు చెబుతుంది, బాగానే చెబుతుంది. నేను దానికి వ్యతిరేకిని కాదు. కాకపోతే దాన్ని ఇడ్లీలు తినే వేళకు అట్టిపెట్టండి. ముందే తెరిస్తే గుంపులో గొంతు పెద్దదున్న బాబాయ్ స్థానం అది తీసుకుంటుంది. ఇంతకుముందు ఆయన చెప్పిందే వేదం, ఇప్పుడు ఫోన్ చెప్పింది వేదం. రెండు విధాలా కంటికి పని లేకుండా పోతుంది.

చూసినవాడి మాటకు ఎంత విలువుందో తెలియాలంటే కలివికోడి కథ తెలియాలి. ఇంగ్లీషువాళ్లు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ పేరు దానికి పెట్టారు. మన పక్షుల తెలుగు పేర్లు శ్రద్ధగా అడిగి తన పుస్తకాల్లో రాసుకున్నవాడాయన. 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి రికార్డుల్లోనూ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో తిరిగారు. అక్కడి మనుషులకు ఆ పక్షి తెలుసు, దానికి పేరు కూడా ఉంది. రాత్రిపూట పొదల మధ్య తిరిగే పక్షి అది, పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర ఒక స్థానికుడి పుణ్యమా అని అది మళ్లీ లోకానికి తెలిసింది. 86 ఏళ్ల పాటు లేదనుకున్న పక్షి ఊరివాళ్ల కళ్లముందే ఉంది. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే. మీ గుంపులో పశువులు మేపే మనిషి, చేపలు పట్టే మనిషి ఒక్కరైనా ఉండేలా చూసుకోండి. వాళ్లు గైడ్లు కారు, సభ్యులు. పసులపోలిగాడు ఏ వేళకు గేదె వీపు మీద వాలుతుందో, నారాయణపక్షి ఏ మడుగు వదలదో వాళ్లకు తెలిసినట్టు పుస్తకానికి తెలియదు.

ఒక నోట్‌బుక్, రాసే మనిషి ఒకరు ఉండాలి. వేళ, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నవి రాయాలి. గుంపుగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కదా అంటారు. పదింటిని లెక్కపెట్టి, పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, ఆ మేరను మిగతా గుంపు మీద పరచుకుంటూ పోవాలి. లెక్కింపు చేసేవాళ్లు వాడే పద్ధతే ఇది. తేల్చలేని పక్షి దగ్గర “తెలియలేదు” అని రాయించండి. సిగ్గుపడకండి. 2002లో మొదలై, ఇప్పుడు ప్రపంచమంతా పక్షుల లెక్కలు చేర్చుకుంటున్న ఈబర్డ్‌లో కూడా ‘ఏదో ఒక తెల్లకొంగ, రకం తేలలేదు’ అని రాయడానికి ప్రత్యేకంగా వీలుంది. తప్పు పేరు ఒకటి చేరితే లెక్క చెడుతుంది, తెలియలేదన్న మాట చేరితే చెడదు. ఇంటర్వ్యూ గదుల్లో తెలియనిదాన్ని తెలిసినట్టు అల్లే యువకులకు ‘తెలియలేదు’ అని రాసిన ఆ నోట్‌బుక్ పేజీ చూపించాలనిపిస్తుంది నాకు.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు, కొండలు గుట్టలు ఎక్కలేని పెద్దవాళ్లకు సాగర్ ఒడ్డు కష్టం. వాళ్లు ఒకరోజు పెట్టుకుని గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు వెళ్లాలి. ఊరి చెరువు, చుట్టూ ఇళ్లు, మధ్యలో చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద కిక్కిరిసి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకంకణాలు. ఆ ఊరివాళ్లు కాపాడుకున్న చోటు అది. పక్షి ఎంత దగ్గరగా ఉంటుందంటే బైనాక్యులర్ లేకపోయినా గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపలు తినడం కనబడుతుంది. వాసన మాత్రం భరించాలి.

అంత దూరం కూడా వద్దనుకుంటే మిరప కల్లాలున్నాయి. మార్చిలో పల్నాడు నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంటుంది. రామచిలుక, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అదే, ఆ కారాన్ని హాయిగా కొరుకుతుంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ పక్షులకు తెలియదు. రైతుకు అది ముద్దు రాకపోవచ్చు గానీ, చూసేవాడికి మంచి ఉదయమే.

కాలం విషయంలో ఆలస్యం చేయకండి. చలికాలానికి ఉత్తరాది నుంచి మన నీళ్లకు వచ్చిన బాతులు, కాటుకపిట్టలు ఫాల్గుణంలోనే తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతాయి. జక్కవలు వెళ్లిపోతాయి. తలమీద రెండు నల్ల పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా వైపు ఎగిరిపోతుంది. బూరుగు, మోదుగ పూల మీద గుంపులుగా వాలే గులాబీ గోరింకలు కూడా ఏప్రిల్ చివరికి ఉండవు. అటు తీతువులు, రివర్ టెర్న్‌లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఉంటాయి. వెళ్లేవీ, గూడు పెట్టేవీ రెండూ ఒకేసారి కనబడే వారాలు తక్కువ. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలాఖరు లోపు ఒక ఆదివారం ఖాయం చేసుకోండి. పది మందిని పోగేయండి, అటవీ శాఖకు అర్జీ ముందే పెట్టుకోండి, తాగునీళ్లు మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లండి.